ఎవరి తెలుగు శిష్టమైంది, ఎందుకైంది?

శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్న ఒక సోదరి మూడు విషయాలు అడిగారు. ఆఫీసులో తన నోట ‘ఏటి’, ‘ఎల్లిపోనాడు’ అన్న మాటలు దొర్లితే తోటివారు నవ్వుతున్నారట. పక్క సీట్లో కూర్చునే కరీంనగర్ అబ్బాయికి విజయవాడ హాస్టల్లో సరిగ్గా ఇదే అనుభవం ఎదురైందట. మన యాసలు అసలు తెలుగు చెడిపోగా మిగిలిన రూపాలేనా, అసలు తెలుగంటూ ఒకటి ఉంటే అది ఎవరిది, రేపోమాపో బడిలో వేయబోయే పాపకు ఇంట్లో ఏ తెలుగు నేర్పాలి అన్నవి ఆమె ప్రశ్నలు. తెలుగు పాఠాలు చెప్పుకుంటూ, వీలున్నప్పుడల్లా ఊళ్లు తిరిగి మాటలు పోగుచేసుకుంటూ గడిపినవాణ్ని కనుక కొంచెం వివరంగానే రాస్తున్నాను.

మొదటి ప్రశ్నకు జవాబు సూటిగా చెప్పవచ్చు: కాదు. ఇలా చెప్పడానికి ప్రాంతాభిమానం అక్కర్లేదు, వ్యాకరణం చాలు. పాత తెలుగులో ‘వచ్చినాఁడు’ అన్న రూపం ఉంది. ఆ అరసున్న ఒకప్పుడు ముక్కుతో పలికిన ధ్వనికి గుర్తు. రాయలసీమలోనూ ఉత్తరాంధ్రలోనూ ముక్కుపలుకు పోయి ‘వచ్చినాడు’ నిలిచింది. తెలంగాణలో నడుమనున్న దీర్ఘం పోయి, ముక్కుపలుకు సున్నాగా స్థిరపడి ‘వచ్చిండు’ అయింది. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల్లో నకారమే జారిపోయి ‘వచ్చాడు’ అయింది. మూడూ ఒకే తల్లి పిల్లలు. పాత రూపానికి ఎవరు ఎంత దూరం జరిగారని లెక్క తీస్తే, పాఠ్యపుస్తకాల్లో అచ్చయ్యే ‘వచ్చాడు’ అన్నదే అందరికంటే దూరం జరిగిందని తేలుతుంది. పైగా ఆ మాటలో చకారం తరువాత పలికే అచ్చు ఆకారమూ కాదు, ఏకారమూ కాదు. దానికి మన వర్ణమాలలో అక్షరమే లేదు. అందుకే ఉత్తరాంధ్ర రచయితలు కొందరు చాలాకాలం ‘వచ్చేడు’ అని రాస్తూ వచ్చారు.

ఇక మీ ‘ఎల్లిపోనాడు’ సంగతి. ‘వెళ్ళిపోయినాడు’లో మొదటి వకారం, నడుమ ‘యి’ జారిపోతే వచ్చే రూపమది. మొదటి వకారం జారడం ఒక్క శ్రీకాకుళానికే పరిమితం కాదు. కృష్ణా డెల్టాలో పొలం పనికి వెళ్లే మనిషి కూడా ‘ఎల్లాడు’ అనే అంటాడు. ‘ఏటి’ అన్నది ‘ఏమిటి’కి పొట్టి రూపం; మీమీద నవ్వేవారు రోజుకు పదిసార్లు వాడే ‘ఏంటి’ కూడా ‘ఏమిటి’కి పొట్టి రూపమే. ఒక పొట్టి రూపం నవ్వు తెప్పించి మరొకటి తెప్పించకపోతే, ఆ తేడాకు కారణాన్ని మాటలో వెతికి లాభం లేదు. మాట్లాడేవారి వెనుక ఏముందో చూడాలి.

రెండో ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది.

పందొమ్మిదో శతాబ్దం నడిమికి వచ్చేసరికి తెలుగు వచనానికి ఒక నమూనా కావలసివచ్చింది. మద్రాసులో తెలుగు పండితులుగా ఉన్న పరవస్తు చిన్నయసూరి 1853లో నీతిచంద్రికను, 1858లో బాలవ్యాకరణాన్ని వెలువరించారు. కావ్యాల భాషకు ఆయన రాసిన వ్యాకరణం గొప్ప శాస్త్రగ్రంథమనడంలో నాకు ఎటువంటి సందేహమూ లేదు. చిక్కల్లా ఏమిటంటే, కావ్యభాషకు రాసిన కొలతను బడిపిల్లవాడి వ్యాసానికీ, ఉత్తరానికీ, పత్రికా వార్తకూ పెట్టారు. ఎవరి ఇంట్లోనూ ఎవరూ మాట్లాడని భాష పరీక్షలో ప్యాసు మార్కుకు షరతు అయింది. ఆ భాషను నేర్చుకునే తీరిక తరతరాలుగా ఏ ఇళ్లలో ఉందో, ఆ ఇళ్ల పిల్లలే ముందు వరుసలో నిలిచారు.

దానిమీద తిరగబడినవారు గిడుగు రామమూర్తి పంతులు. ఆయనది కూడా శ్రీకాకుళం నేలే. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టారు. ఆ తేదీనే ఈనాడు తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆయన తెలుగు పండితుడిగా కాక, పర్లాకిమిడిలో చరిత్ర పాఠాలు చెప్పే ఉపాధ్యాయుడిగా జీవితం గడిపారన్నది చాలామంది మరచిపోయే సంగతి. చుట్టుపక్కల కొండల్లోని సవరల భాషను ముందుగా వాళ్ల నోటి నుంచే నేర్చుకుని, ఆ పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని పూనుకున్న తరువాతే ఆయన దృష్టి తెలుగు పిల్లల మీదికి మళ్లింది. నోటి మాటే భాష అన్న ఎరుక ఆయనకు సవర గూడేల్లో కలిగిందని నా అభిప్రాయం. ఉత్తర సర్కారుల్లో స్కూళ్ల ఇన్స్పెక్టరుగా ఉన్న యేట్స్ దొర, ప్రజలు మాట్లాడే తెలుగు బడిలో ఎందుకు లేదని 1907 ప్రాంతంలో అడిగిన ప్రశ్న ఆ ఎరుకకు నిప్పు రాజేసింది. విజయనగరం నుంచి గురజాడ అప్పారావు తోడయ్యారు. 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి గురజాడ సమర్పించిన అసమ్మతి పత్రం ఆ వాదమంతటికీ నిండైన పత్రంగా ఇప్పటికీ చదవదగినది. ఎదుటి పక్షాన జయంతి రామయ్య పంతులు, ఆంధ్ర సాహిత్య పరిషత్తు బలంగా నిలబడ్డారు. ఆ విడత ఓడింది గిడుగు, గురజాడల పక్షమే. గురజాడ 1915లో పోయారు. గిడుగు మాత్రం ‘తెలుగు’ అన్న పత్రిక నడిపి, రాతకు కావ్యభాషే ఉండాలన్న గ్రాంథికవాదులు రాసిన గ్రాంథికంలోనే తప్పులు ఏరి చూపించి, మరో పాతికేళ్లు పోరాడారు.

ఆయన జీవితంలో మరొక ఘట్టం మీ ప్రశ్నకు దగ్గరగా ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులోకి పోయినప్పుడు, ఆయన అక్కడ ఉండనని రాజమండ్రికి తరలిపోయారు. సవరలకు సవరలోనే చదువు కావాలన్న మనిషి, తన భాషకు పాలనలో చోటు లేని ఊళ్లో ముసలితనం గడపడానికి ఒప్పుకోలేదు. భాషకు, అధికారానికి ఉన్న ముడి ఆయనకు పుస్తకాల వల్ల తెలిసినది కాదు.

చివరికి వ్యావహారికం, అంటే నోటి మాటకు దగ్గరైన తెలుగు, గెలిచింది. గిడుగు శిష్యుడు తాపీ ధర్మారావు వంటివారు పత్రికల్లోకి తెచ్చారు. తరువాత బడుల్లోకి, కళాశాలల్లోకి వచ్చింది. అయితే గెలిచిన భాష పేరును జాగ్రత్తగా చూడండి: శిష్ట వ్యావహారికం. చదువుకున్నవారు, పెద్దమనుషులు మాట్లాడే భాష అని అర్థం. అప్పటి పరిస్థితిలో ఆ విశేషణం లేకుండా వాదం నెగ్గేది కాదేమో. కానీ శిష్టులు ఎవరన్న ప్రశ్నను భాషాశాస్త్రం తేల్చలేదు, కాలువ నీళ్లు తేల్చాయి. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, కృష్ణ మీద బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. డెల్టాలో రెండు పంటలు పండాయి, రైతు చేతిలో మిగులు నిలిచింది, ఆ మిగులు కళాశాలలుగా, అచ్చుకూటాలుగా, నాటక సమాజాలుగా, పత్రికలుగా మారింది. బందరులో నోబుల్ కళాశాల అంతకుముందే 1843లో వెలిసింది. కృష్ణా పత్రిక 1902లో అదే ఊళ్లో పుట్టింది. తరువాత తెలుగు సినిమా మద్రాసులో స్థిరపడినప్పుడు మాటలు రాసేవారిలో, పలికేవారిలో ఎక్కువమంది ఈ జిల్లాల నుంచే వెళ్లారు. పత్రిక రాసేవాడు, పాఠం రాసేవాడు, సినిమా మాట రాసేవాడు ఒకే నేలవారైనప్పుడు ఆ నేల పలుకుబడే ‘మామూలు తెలుగు’ అవుతుంది, మిగిలినవన్నీ ‘యాసలు’ అవుతాయి. వ్యావహారికం కోసం జీవితం ధారపోసిన మనిషి పుట్టిన జిల్లా మాట, ఆ వ్యావహారికం గెలిచిన తరువాత తెరమీద పనివాళ్ల మాటగా, అమాయకుల మాటగా మిగిలిపోయింది. ఆఫీసులో మీకు ఎదురైన నవ్వు అక్కడ తయారైనదే.

దీన్ని ఒక ప్రాంతం మరో ప్రాంతానికి చేసిన అన్యాయంగా మాత్రమే చెప్పడం నాకు నచ్చదు. డెల్టాలోనే కూలి మనిషి పలుకు పుస్తకంలోకి రాలేదని పైన చెప్పిన ‘ఎల్లాడు’ చూపిస్తుంది. ళకారాన్ని లకారంగా, ణకారాన్ని నకారంగా, శకారాన్ని సకారంగా పలకడం, ఒత్తులు పలకకపోవడం ఏ జిల్లాలోనైనా కులాన్నీ, చదువునూ పట్టిచ్చే గుర్తులుగానే చూశారు. గుంటూరు జిల్లాలో బడికి పోని మనిషికీ, శ్రీకాకుళంలో బడికి పోని మనిషికీ ఈ విషయంలో ఉన్న పోలిక, వాళ్లిద్దరికీ వాళ్ల ఊరి ప్లీడరుతో ఉన్న పోలిక కంటే ఎక్కువ. శిష్టం అన్న మాటలో ప్రాంతం ఎంత ఉందో కులం కూడా అంత ఉంది. మనం మొదటిదాని గురించి గొంతెత్తి మాట్లాడి, రెండోదాన్ని మెల్లగా దాటేస్తాం.

మీ కరీంనగర్ మిత్రుడి కథ ఇంకొంచెం వేరు. ఆయన పూర్వులకు రెండు దెబ్బలు తగిలాయి. హైదరాబాదు రాజ్యంలో ఫార్సీ స్థానంలో ఉర్దూ పాలనాభాష అయింది. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం వైద్యం దాకా అన్నీ ఉర్దూలో బోధించింది. ఒక భారతీయ భాషలో అంతటి ఉన్నత విద్య నడపడం నిజంగా సాహసమే, కానీ ఆ రాజ్యంలో అత్యధికులు మాట్లాడే భాష అది కాదు. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధని థియేటరులో జరిగిన సంఘసంస్కరణ సభలో ఇతరులు ఉర్దూ, మరాఠీ, ఇంగ్లీషు భాషల్లో మాట్లాడితే శ్రద్ధగా విన్న సభికులు, అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోగానే అల్లరి చేశారు. తెలుగువారు అత్యధికంగా ఉన్న రాజ్యానికి రాజధానిలో తెలుగు మాటకు దక్కిన మర్యాద అది. ఆ అవమానం నుంచి ఆంధ్ర జనసంఘం పుట్టింది, అది పెరిగి ఆంధ్ర మహాసభ అయింది, 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన దాని మొదటి సభ జరిగింది. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరని ఎవరో రాస్తే, అదే ప్రతాపరెడ్డి 354 మంది కవుల రచనలతో 1934లో గోలకొండ కవుల సంచికను అచ్చువేసి జవాబు చెప్పారు.

ఇక్కడిదాకా తెలుగు మాట్లాడినందుకు చిన్నచూపు. 1956 నవంబరు 1 తరువాత, తెలుగు రాష్ట్రంలోనే, తెలంగాణ మనిషి మాట్లాడేది సరైన తెలుగు కాదని చిన్నచూపు. కారణం అడిగితే ‘ఉర్దూ కలిసింది’ అనేవారు. ఈ వాదాన్ని ఒక్క నిమిషం నిలబెట్టి పరీక్షిద్దాం. జిల్లా, తాలూకా, తహసీల్దారు, వకీలు, దస్తావేజు, రద్దు, హాజరు, జవాబు, ఖర్చు, జేబు, కుర్చీ: ఇవన్నీ అరబ్బీ, ఫార్సీ మూలాల నుంచి వచ్చినవే, వీటిని బందరు శిష్టుడు కూడా నిస్సంకోచంగా వాడాడు. ‘జేబు’ కలుషితం కాకుండా ‘జల్ది’ ఎలా కలుషితమవుతుంది? ‘రద్దు’ తెలుగై ‘షురూ’ తెలుగు కాకపోవడానికి ఏ సూత్రం ఉంది? మరోవైపు, ఉర్దూతో సంబంధమే లేని తొవ్వ (దారి), మొగులు (మబ్బు), కైకిలి (కూలి), సోయి (స్పృహ) వంటి మాటలను కూడా అదే తట్టలో వేసి మోటు అన్నారు. పాఠ్యపుస్తకాల భాషను తెలంగాణ కవి కాళోజీ నారాయణరావు ‘రెండున్నర జిల్లాల భాష’ అని ఎద్దేవా చేసింది ఈ నేపథ్యంలోనే. ఆయన పుట్టినరోజైన సెప్టెంబరు 9ని 2014 నుంచి తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుతున్నారు. ఒకే భాషకు రెండు రాష్ట్రాలు, పదకొండు రోజుల తేడాతో రెండు పండుగలు. గిడుగు, కాళోజీ ఎదురెదురు పక్షాలవారని ఎవరైనా అనుకుంటే ఇద్దరినీ చదవలేదన్నమాట.

ఏ రాజ్యం ఎక్కడ ఏలిందో ఇప్పటికీ పట్టా కాగితాల్లో కనిపిస్తుంది. ఆంధ్రలో రైతు పొలం వివరాలకు అడంగల్ తీసుకుంటాడు, తెలంగాణలో అదే పనికి పహాణీ తీసుకుంటాడు. ఒకచోట ఎకరాన్ని 100 సెంట్లుగా, మరోచోట 40 గుంటలుగా లెక్కిస్తారు. అక్కడ కరణం, మునసబు. ఇక్కడ పట్వారీ, పటేలు. ఆ ఉద్యోగాలు పోయి నాలుగు దశాబ్దాలైనా, పెద్దవాళ్లు పొలం తగాదా చెప్పేటప్పుడు ఆ పేర్లు తప్పకుండా వస్తాయి. సంగారెడ్డిలో స్థలం కొన్న గుంటూరు మనిషి ‘ఎన్ని సెంట్లు’ అని అడిగి, ‘ఇన్ని గుంటలు’ అన్న జవాబు విని వేళ్లమీద లెక్కవేసుకోవడం నేను చూశాను. ఆ లెక్కలో ఎవరిది తప్పని ఎవరూ అనుకోరు. ‘వచ్చిండు’ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ సమదృష్టి ఉండదు.

యాసను పొగిడేవారు దాటేసే సంగతి మరొకటి ఉంది. మాండలికం పైనున్న అధికారానికి బలయ్యేది మాత్రమే కాదు. తన లోపల కూడా అధికారాన్ని మోస్తుంది. ‘నీ బాంచెన్, కాల్మొక్త దొరా’ అన్నది తెలంగాణ పల్లెల్లో వెట్టి మనుషుల నోట నిజంగా నలిగిన మాట. ఊరి పెద్ద కులం పిల్లవాడు కింది కులపు ముసలాయనను పేరు చివర ‘గా’ తగిలించి పిలవడం అన్ని ప్రాంతాల్లోనూ ఉంది. 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటం భూమిని ఎంత కదిలించిందో, ఈ పిలుపులను కూడా అంత కదిలించింది. వారసత్వం పేరిట యాసను యథాతథంగా భద్రపరచాలనేవారు ఈ పిలుపులను ఏం చేస్తారో చెప్పాలి. నా మటుకు నేను, వాటిని పదకోశంలో నమోదు చేయాలి, నోటి నుంచి పోనివ్వాలి అంటాను.

మర్యాద సంగతే మరొక కోణం నుంచి చూడండి. కోస్తా తెలుగులో మర్యాద ఎక్కువగా ‘అండి’ మీద నడుస్తుంది. తెలంగాణ, రాయలసీమ పల్లెల్లో వరస పిలుపు మీద నడుస్తుంది: అన్నా, కాకా, చిన్నాయనా, అవ్వా. ‘అండి’ వినపడలేదని కోస్తా మనిషి నొచ్చుకుంటాడు. మాటకు మాటకు ‘అండి’ వినపడితే ఎదుటివాడు తనను దూరం పెడుతున్నాడని పల్లె మనిషి అనుకుంటాడు. ఎవరూ ఎవరినీ అవమానించకుండానే ఇద్దరి మనసుకూ గాయమవుతుంది. ఒకే ఆఫీసులో పనిచేసే మీకు ఇది నేను చెప్పనక్కరలేదేమో.

సినిమా గురించి ఎక్కువ రాయను, అందరికీ తెలిసిందే. హీరోకు ఒక తెలుగు, రౌడీకి ఒక తెలుగు, పనిమనిషికి ఒక తెలుగు, ఫ్యాక్షనిస్టుకు ఒక తెలుగు అని చాలాకాలం పంచిపెట్టారు. ఇటీవలి సంవత్సరాల్లో తెలంగాణ యాస మాట్లాడే నాయికా నాయకులు వచ్చారు, ఆ సినిమాలు బాగా ఆడాయి కూడా. టీవీలో మాత్రం ఒక విచిత్రం అలాగే ఉంది: యాసలో చెప్పే వార్తల కార్యక్రమం ఉంటుంది, కానీ అది చమత్కారానికే; బడ్జెట్టు, తుపాను, తీర్పు వంటి గంభీరమైన వార్తలకు యాంకరు మళ్లీ ‘మామూలు తెలుగు’లోకి వస్తారు. ఒక భాషలో నవ్వించవచ్చు గానీ తీర్పు చదవకూడదన్న భావన పోనంతవరకు ఆ భాషకు పూర్తి గౌరవం వచ్చినట్టు నేను లెక్కపెట్టను.

ఇంతవరకు మనం చిన్నచూపుకు గురైనవారి వైపు నిలబడి మాట్లాడాం. ఇప్పుడు అటు తిరిగి చూడాలి. ఉట్నూరు వైపు గోండు పిల్లకు కోస్తా తెలుగూ, తెలంగాణ తెలుగూ రెండూ పై భాషలే. ఆ పిల్ల ఇంట్లో మాట్లాడేది గోండి, అదొక వేరే ద్రావిడ భాష. బడిలో మొదటి రోజే తెలుగు వాచకం చేతికి వస్తుంది. 1943లో మార్లవాయిలో మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ దొర చొరవతో గోండి వాచకాలతో బడి మొదలైంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో సవర, గోండి, కోయ వంటి భాషలకు తెలుగు లిపిలో మొదటి తరగతుల పుస్తకాలు తయారుచేశారు. మంచి పనులే, కానీ ఏదీ పై తరగతుల దాకా సాగలేదు. ఆదిలాబాదు జిల్లా గుంజాల గ్రామంలో దొరికిన గోండి రాతప్రతుల లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది కనుక ఫోనులో గోండి రాసుకునే దారైతే ఏర్పడింది. లంబాడీల సంగతి ఇంకా వింత. 2011 జనగణనలో 32 లక్షలకు పైగా జనం లంబాడీని తమ మాతృభాషగా చెప్పుకున్నా, ఆ అంకెను తీసుకెళ్లి హిందీ కింద కలిపేశారు. తండాలో మనిషికి హిందీ రాకపోయినా లెక్కల్లో అతను హిందీవాడు. తెలుగు వారి సంఖ్య 8.11 కోట్లని మనం గర్వంగా చెప్పుకునేది కూడా ఆ జనగణనలోని అంకెనే.

వారసత్వం అన్న మాట మీ ప్రశ్నలో లేదు కానీ, మూడో ప్రశ్నకు అది దారి. యాస పోతే ఏం పోతుందని చాలామంది అడుగుతారు. చెరువు దగ్గర నిలబడి చూస్తే తెలుస్తుంది. చెరువు నిండి నీళ్లు పొర్లిపోయే కట్టడాన్ని తెలంగాణలో మత్తడి అంటారు, రాయలసీమలో అలుగు అంటారు, నెల్లూరులో కలుజు అంటారు. నీళ్లు వంతులవారీగా పొలాలకు వదిలే మనిషి ఒకచోట నీరటి, మరోచోట నీరుగంటి. నీళ్లు తగ్గినప్పుడు బయటపడి ఒక కారు పంట పండే చెరువు లోపలి భూమికి శిఖం అన్న పేరుంది. ఈ మాటలు తెలిసిన ఊరికి ఎవరి పొలానికి ఎన్ని గంటలు నీళ్లు, మత్తడి ఎత్తు ఎంత ఉండాలి, శిఖంలో ఎవరు దున్నవచ్చు అన్న కట్టుబాట్లు కూడా తెలుసు. నీరటి అన్న పదవి పోయిన ఊళ్లలో మాటతోపాటు ఆ వంతుల లెక్క కూడా పోయింది. తరువాత చెరువులో పూడిక తీయించినా, వంతులు ఎవరు చూడాలన్న ప్రశ్న మిగిలింది.

భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి ఇటువంటి ఎరుకతోనే మాండలిక వృత్తి పదకోశాన్ని ప్రారంభించారు. 1962లో వ్యవసాయ పదాల సంపుటం, 1971లో చేనేత పదాల సంపుటం వచ్చాయి. పండితులను కాదు, రైతులనూ నేతగాళ్లనూ అడిగి, వారి నోటి మాటనే ప్రమాణంగా తీసుకున్న పని అది. తెలుగు నేలను ఉత్తరం, దక్షిణం, తూర్పు, మధ్య అని నాలుగు మాండలిక మండలాలుగా చూడడానికి ఆధారం ఆ పదాల పటాలే. ఆ విభజనలో, డెల్టా జిల్లాలున్న మధ్య మండలం కూడా నాలుగింటిలో ఒకటి మాత్రమే అన్న సంగతిని గుర్తుపెట్టుకోండి. కోస్తావారు నాగలి అన్నదాన్ని సీమవారు మడక అంటారు. దాని మేడి, కర్రు, నొగలతో సహా చాలా పేర్లు ట్రాక్టరు వచ్చాక పిల్లలకు తెలియకుండా పోయాయి. పనిముట్టు పోతే పేరు పోవడం సహజం, దానికి నేను కన్నీళ్లు పెట్టను. కానీ వానకూ, నేల పదునుకూ, చుట్టరికానికీ, వంటకూ ఉన్న మాటలు పోవడానికి ఆ సాకు లేదు. వాన ఇంకా కురుస్తూనే ఉంది.

ఇప్పుడు మీ పాప సంగతి. ఇంట్లో మీరు మీ అమ్మతో ఎలా మాట్లాడతారో పాపతో అలాగే మాట్లాడండి. పుస్తకాల తెలుగు బడి నేర్పుతుంది, టీవీ నేర్పుతుంది, పక్కింటి పిల్లలు నేర్పుతారు. మీ తెలుగును మీరు తప్ప ఎవరూ నేర్పలేరు. పిల్లలకు రెండు మూడు పలుకుబడులు కలగాపులగం అవుతాయన్న భయం వద్దు. తాతతో ఒకలా, టీచరుతో ఒకలా మాట్లాడాలని నాలుగైదేళ్ల పిల్లలు కూడా పసిగట్టేస్తారు. అయితే రాతలో ప్రమాణభాష రావాలి, ఇందులో రాజీ వద్దు. అందరం ఒకరి రాత ఒకరు చదువుకోవడానికి ఒక ఉమ్మడి రూపం కావలసిందే. దాన్ని అధికారం నిర్ణయించిందన్న కారణంతో మన పిల్లలకు నేర్పకపోతే, నష్టం మళ్లీ మన పిల్లలకే. గిడుగు పోరాడింది రాత లేకుండా చేయడానికి కాదు, రాతను నోటికి దగ్గర చేయడానికి.

బడిలో టీచరు పాప మాటను దిద్దితే ఎలా దిద్దారో కనుక్కోండి. ‘పుస్తకంలో ఇలా రాస్తాం’ అంటే మంచి టీచరు. ‘అలా అనకూడదు, అది తప్పు’ అంటే వెళ్లి నెమ్మదిగా మాట్లాడండి. పైన చెప్పిన ‘వచ్చినాఁడు’ కథ చెబితే చాలామంది టీచర్లు ఆసక్తిగానే వింటారు. పిల్ల మాట్లాడేదాన్ని తప్పు అనగానే, ఆ పిల్ల తన అమ్మమ్మ కూడా తప్పుగా మాట్లాడుతుందని అర్థం చేసుకుంటుంది, తరువాత క్లాసులో నోరు తెరవడం మానేస్తుంది. ప్రశ్న అడగని పిల్లకు లెక్కలూ రావు, సైన్సూ రాదు. ఇది నేను తరగతి గదిలో చాలాసార్లు చూసినదే.

ఆఫీసులో నవ్వే వారితో గొడవ పడమని నేను చెప్పను, తలవంచుకోమని కూడా చెప్పను. మీటింగుల్లో అందరికీ అర్థమయ్యే తెలుగో, ఇంగ్లీషో వాడడం ఉద్యోగ ధర్మం. అది అందరూ చేసేదే, అందులో సిగ్గు లేదు. క్యాంటీన్లో మాత్రం ‘ఏటి’ అనండి. ఎవరైనా అనుకరిస్తే, ‘ఏంటి’ ఎక్కడి నుంచి వచ్చిందో అడగండి.

చివరిగా ఒక పని చెబుతాను, వీలైతే ఈ సంక్రాంతికే మొదలుపెట్టండి. ఊళ్లో ఉన్న పెద్దవాళ్లను ఫోనులో రికార్డు చేయండి. ‘పాత మాటలు చెప్పు’ అంటే ఎవరికీ ఏమీ గుర్తుకు రావు, సిగ్గుపడతారు కూడా. పని అడగండి: వరి నూర్చడం ఎలా, వల ఎలా అల్లేవారు, పురుడు పోసిన ఇంట్లో ఏం వండేవారు, ఏ కార్తెలో ఏ విత్తనం వేసేవారు. పని చెబుతుంటే మాట దానంతటదే వస్తుంది. ఫైలు పేరులో ఊరు, మండలం, మాట్లాడినవారి వయసు, వృత్తి, తేదీ రాసి, వారి అనుమతి మాటను కూడా మొదట్లోనే రికార్డు చేసి పెట్టుకోండి. రాసుకునేటప్పుడు ‘ఎల్లిపోనాడు’ను ‘వెళ్లిపోయాడు’ అని దిద్దకండి, విన్నది విన్నట్టే రాయండి. అర్థం కావాలంటే పక్కన వేరే రాసుకోవచ్చు. మీ కరీంనగర్ మిత్రుణ్ని కూడా వాళ్ల ఊళ్లో ఇదే చేయమనండి. ఇద్దరూ ఒకే పనిని, ఉదాహరణకు నాట్లను, ఎంచుకుంటే రెండు జాబితాలను పక్కపక్కన పెట్టి చూసుకోవడానికి వీలుంటుంది; ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ విడిపోతాయో చూసి సందేహాలుంటే ఇక్కడే అడగండి, తెలిసినంత వరకు చెబుతాను.